పద్దులో లేని పురుగు

1918 జూన్ నడుమ మకాంబో అనే ఆవిరి ఓడ లార్డ్ హౌ దీవి ఒడ్డున నేలకు తగిలి ఆగిపోయింది. దాన్ని బాగుచేసి మళ్లీ నీళ్లమీదికి తేవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా ఓడలోని నల్ల ఎలుకలు ఒడ్డెక్కాయి. రెండు మూడేళ్లు తిరిగేసరికి, ఆ దీవి అడవుల్లో అంతకుముందు కోకొల్లలుగా ఉన్న ఒక పెద్ద కర్రపురుగు కనిపించకుండా పోయింది. అది అంతరించిందని శాస్త్రజ్ఞులు తేల్చేశారు. ఎనభై ఏళ్ల తరువాత, 2001లో, దగ్గరలోని ఒక రాతి శిఖరం మీద అది బతికే ఉందని తెలిసింది. ఈ చరిత్రను ఎప్పుడూ ఇదే వరసలో చెబుతారు: ముందు ప్రమాదం, తరువాత వినాశం, చివర అద్భుతం. ఇందులో ఏ సంగతీ అబద్ధం కాదు. కానీ ఇలా పేర్చడం వల్ల రెండు అపోహలు మిగులుతాయి. పురుగు పోవడానికి దురదృష్టమే కారణమని, తిరిగి దొరకడానికి అదృష్టమే కారణమని అనిపిస్తుంది. నిజానికి ఎలుకలు రావడం వెనక ఒక వర్తకం ఉంది, పురుగు తిరిగిరావడం వెనక మనుషులు వాదించుకుని తీసుకున్న నిర్ణయాలు ఉన్నాయి. దీవి జమాఖర్చుల్లో దేనికి చోటు దక్కింది, దేనికి దక్కలేదు అన్నది చూస్తేనే ఆ పురుగు చరిత్ర అర్థమవుతుంది.

లార్డ్ హౌ ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రంలో ఉన్న చిన్న అగ్నిపర్వత దీవి. విస్తీర్ణం పదిహేను చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా దక్షిణాన గోవర్ కొండ 875 మీటర్ల ఎత్తు లేస్తుంది. 1788 ఫిబ్రవరిలో సప్లై అనే బ్రిటిష్ ఓడను నడుపుతున్న లెఫ్టినెంట్ హెన్రీ లిడ్జ్‌బర్డ్ బాల్ కంటపడే దాకా అక్కడ మనుషులు నివసించిన జాడ లేదు. మనిషంటే భయం తెలియని పక్షులను తొలి నావికులు కర్రలతో కొట్టి చంపి ఓడల్లోకి ఎత్తుకున్నారు. తెల్లని నీటికోడి జాతి ఒకటి అలాగే అంతరించింది. 1834లో మొదలైన స్థిరనివాసం తిమింగలాల వేట ఓడలకు సరుకులు అమ్ముకోవడానికి వెలిసిందే. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పందులు, కోళ్లు పెంచి ఓడలవాళ్లకు ఇచ్చి, బదులుగా బట్టలూ పనిముట్లూ తీసుకునేవారు. పందులు, మేకలు, పిల్లులు అలా వచ్చినవే. 1860లలో చుంచెలుకలు కూడా చేరాయి. పంటలు పాడుచేస్తోందని అక్కడి చిలుకను కాల్చి కాల్చి ఆ శతాబ్దం ముగియకముందే లేకుండా చేశారు. కాబట్టి మకాంబో వచ్చేనాటికి ఆ దీవి ముట్టని అడవి కాదు. నూట ముప్పై ఏళ్లుగా ప్రతి ఓడా దానికి ఏదో ఒకటి దించుతూ, దాన్నుంచి ఏదో ఒకటి ఎత్తుకుపోతూనే ఉంది.

ఇన్ని తాకిళ్లు తట్టుకున్న పురుగు ఎలుకలకు మాత్రం ఎందుకు లొంగిపోయిందో తెలియాలంటే దాని బతుకు తీరు చూడాలి. ప్రపంచంలో మూడు వేలకు పైగా కర్రపురుగు జాతులున్నాయి. అన్నీ ఆకులు తినేవే. వాటిలో ఎక్కువ భాగానికి రూపమే రక్షణ. ఎండుపుల్లలా కదలకుండా ఉండటం, గాలికి కొమ్మ ఊగినట్టు ఊగడం, పట్టుబడితే కాలు వదిలేసి తప్పుకోవడం, గింజల్లాంటి గుడ్లు పెట్టడం ఇవి ఎక్కువగా చూపు మీద ఆధారపడి వేటాడే శత్రువును మోసగించే ఉపాయాలు. లార్డ్ హౌ పురుగు వీటిలో చాలావాటిని వదిలేసింది. 1855లో ఫ్రెంచి మతప్రచారకుడు మాంట్రూజియే దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు; ఇప్పటి శాస్త్రీయ నామం డ్రయోకోసీలస్ ఆస్ట్రాలిస్. ఎదిగిన ఆడపురుగు పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రెక్కలు లేవు, నల్లగా నిగనిగలాడే బరువైన ఒళ్లు, మగదానికి ముళ్లున్న బలమైన వెనక తొడలు. పుల్లలా నటించే ఓపిక దానికి లేదు, ఆ అవసరమూ పడలేదు. పిల్లలు ఆకుపచ్చగా ఉండి పగలే మేస్తాయి. పెరిగి నల్లబడ్డాక పగలంతా చెట్టు తొర్రల్లో గుంపుగా దాక్కుని, రాత్రి మేతకు బయలుదేరతాయి. గబ్బిలాలు తప్ప క్షీరదాలు లేని దీవిలో ఈ ఏర్పాటు సరిపోయింది. పగటి పక్షికి అవి కనిపించవు. అక్కడ గుడ్లగూబ ఉన్నా, పగలు ప్రతి తొర్రా గాలిస్తూ పోయే జంతువు కాదు. ఎలుక మాత్రం చీకట్లో తిరుగుతుంది, చెట్టెక్కుతుంది, వాసన పట్టి తొర్రలో దూరుతుంది. పురుగుకు అంతవరకూ కోటలా పనికొచ్చిన తొర్ర ఎలుకకు ధాన్యపు గాదె అయింది.

ఎలుకలు ఆ రోజు, ఆ చోట దిగడం యాదృచ్ఛికమే కదా అని ఎవరైనా అడగవచ్చు. తేదీ యాదృచ్ఛికమే, సందేహం లేదు. కానీ ఆ ఓడ అక్కడికి దారితప్పి రాలేదు. తిమింగలాల వేట సన్నగిల్లాక దీవి బతుకుతెరువు కొన్నాళ్లు కుంటుపడింది. 1880ల నుంచి దాన్ని నిలబెట్టింది కెంటియా పామ్ గింజ. ఆ చెట్టు సహజంగా పెరిగేది లార్డ్ హౌలోనే. వెలుతురు తక్కువైనా, గదిలో చలిగా ఉన్నా వాడిపోని గుణం ఉండటంతో యూరప్ సంపన్నుల హాళ్లలో, హోటళ్లలో, ఓడల భోజనశాలల్లో అది తప్పనిసరి అలంకారమైంది. గింజలు బయటికి పోవాలి, సరుకులు లోపలికి రావాలి, వార్తలూ మనుషులూ రాకపోకలు సాగించాలి. అందుకే బర్న్స్ ఫిల్ప్ కంపెనీ ఆవిరి ఓడలు ఆ దీవి మీదుగా తిరిగేవి. మకాంబో ఆ కంపెనీ ఓడే. నల్ల ఎలుక ఆనాటి సరుకు ఓడల్లో అద్దెలేని ప్రయాణికుడు. పసిఫిక్‌లో ఎన్నో దీవులకు అది ఇలాగే చేరింది. ఓడల రాకపోకలు పెరిగే కొద్దీ ఎలుక దిగే అవకాశమూ పెరుగుతూ వచ్చింది. 1918లో అది జరగకపోయి ఉంటే మరో ఏడు జరిగేది. పాచిక ఏ పక్కకు పడిందన్నది అదృష్టం కావచ్చు. అన్నిసార్లు పాచిక వేయించింది మాత్రం ఆ వర్తకమే.

ఎలుకలు పెరిగాక దీవిలో జరిగినది ఈ మాటను ఇంకా బలపరుస్తుంది. కొన్నేళ్లకే ఆస్ట్రేలియన్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు అలన్ మెక్‌కలక్ అక్కడి అడవులు పక్షుల పాట లేక మూగబోయాయని రాశాడు. అక్కడి త్రష్ పిట్ట, ఫాన్‌టెయిల్, స్టార్లింగ్, గెరిగోన్, పెద్ద వైట్‌ఐ ఇలా ఐదు రకాల పక్షులు శాశ్వతంగా పోయాయి. ఎలుకలు కెంటియా గింజల మీద కూడా పడ్డాయి, దీవి ఆదాయానికే గండి పడింది. అప్పుడు జనం కదిలారు. ఎలుక తోకకు ఇంత అని బహుమతి పెట్టారు, కుక్కలతో వేటాడించారు, 1920లలో బయటినుంచి మాస్క్‌డ్ గుడ్లగూబలను తెచ్చి వదిలారు. ఆ గుడ్లగూబలు ఎలుకలను అదుపు చేయలేదు సరికదా, దీవి సొంత పక్షులకు కొత్త శత్రువులయ్యాయి. ఈ పనులన్నిటికీ గురి ఒక్కటే, గింజ. ఎంత గింజ నష్టమైందో లెక్క కట్టగలిగారు కాబట్టి దాన్ని కాపాడటానికి డబ్బూ శ్రమా పెట్టగలిగారు. పురుగుకు ఉన్న ఉపయోగం మాత్రం చేపలవాళ్లు గాలానికి ఎరగా గుచ్చడమే. కొనేవాళ్లు లేరు కాబట్టి అది తగ్గుతున్నప్పుడు ఎవరి జేబుకూ చిల్లు పడలేదు. ఎలుకలు రావడానికి రెండు మూడేళ్ల ముందే ఆర్థర్ లీ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఆ దీవి కీటకాల గురించి రాయడం వల్ల, ఒకే తొర్రలో అవి పదుల కొద్దీ ఉండేవన్న సంగతి మనదాకా వచ్చింది. 1920 తరువాత అక్కడ అవి సజీవంగా కనిపించలేదు.

ఎలుకల మీద నేరం మోపడానికి ఆధారం కాలక్రమం ఒక్కటే కదా అని మరో అభ్యంతరం రావచ్చు. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదు. న్యాయమైన సందేహమే. మైదానపు అడవిలో కొంత భాగాన్ని నరికి సాగు చేశారు, చేపలవాళ్లు ఎరకు పట్టుకున్నారు, చుంచెలుకలూ పందులూ అప్పటికే ఉన్నాయి. కానీ ఈ కారణాలు ఏవీ జరిగినదానితో పొసగవు. సాగు దీవిలో కొంత భాగానికే పరిమితం. ఏటవాలు కొండలు, వాటి అడవులు దాదాపు యథాతథంగా మిగిలాయి. ఎర కోసం పట్టడం, చుంచెలుకలు, పందులు ఇవి దశాబ్దాల పాటు ఉన్నా పురుగు సమృద్ధిగానే ఉంది. 1918లో కొత్తగా చేరినది నల్ల ఎలుక ఒక్కటే, పురుగుతో పాటే ఐదు పక్షులూ పోయాయి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇరవైమూడు కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య నిలబడి ఉంది. ఎలుకలు ఎన్నడూ చేరని బాల్స్ పిరమిడ్ మీద, తిండికి కరువైన రాతి మీద, ఆ పురుగు బతికింది. అడవి నిండా మేత ఉన్న చోట అంతరించి, పొదలు కూడా అరుదైన చోట మిగిలిందంటే తేడా మేతలో లేదు, శత్రువులో ఉంది.

ఇదే కాలంలో మన దక్షిణ భారతం నుంచి బయలుదేరిన మరో కర్రపురుగు చరిత్రను పక్కన పెట్టి చూస్తే ఓడల యుగం ఎలా పనిచేసిందో ఇంకా స్పష్టమవుతుంది. కొడైకెనాల్ దగ్గర పళని కొండల్లోని షెంబగనూరు కరౌసియస్ మోరోసస్ అనే జాతికి పుట్టినూరు. జెస్యూట్ శాస్త్రజ్ఞుడు ద సినెటీ 1901లో దాన్ని వర్ణించాడు. ఆ తరువాత అది యూరప్ ప్రయోగశాలల్లో, బడుల్లో, పిల్లల గాజు పెట్టెల్లో మామూలు వస్తువైంది. దాని కాళ్లు ఒకదానితో ఒకటి ఎలా సమన్వయం చేసుకుంటాయో జర్మనీలో దశాబ్దాల పాటు పరిశీలించారు. ఆ సూత్రాలతో ఆరు కాళ్ల రోబోలు కూడా నడిచాయి. ఇది పుల్లలాగే ఉండే బక్కపురుగు. మగదాని అవసరం లేకుండానే ఆడది వందల గుడ్లు పెడుతుంది, ఒక్కొక్కటిగా నేల మీద జారవిడుస్తుంది, ఐవీ ఆకులైనా, ముళ్లపొదల ఆకులైనా తిని బతుకుతుంది. అందుకే పెట్టెలోంచి తప్పించుకుని దక్షిణాఫ్రికాలో, కాలిఫోర్నియాలో కూడా స్థిరపడింది. రెండు పురుగులూ తమను తాము మార్చుకోలేదు. ఒకదాన్ని ఎవరో కావాలని మోసుకెళ్లారు, దాని జీవనశైలి ఆ ప్రయాణానికి కుదిరింది. ఇంకొకదాన్ని ఎవరూ కోరలేదు, దాని ఇంటికి శత్రువు వచ్చింది. ఒకే వర్తక వ్యవస్థ ఒక జాతిని లోకమంతా చల్లింది, ఇంకో జాతిని ఒక రాతి మీదికి నెట్టింది. కనుక ఓడల రాకపోకలు ప్రకృతికి చేటు అనో మేలు అనో ఒక్కమాటలో తేల్చలేం. అవి ఎవరి అవసరం కోసం, ఏ జాగ్రత్తతో నడిచాయన్నదే అసలు ప్రశ్న.

ఇక అద్భుతం సంగతి. బాల్స్ పిరమిడ్ అంటే సముద్రంలోంచి నిట్టనిలువుగా 550 మీటర్లకు పైగా లేచిన అగ్నిపర్వత శిలాశేషం. దిగడానికి సరైన చోటు లేదు, మనిషికి పనికొచ్చేది ఏదీ లేదు. 1964లో దాన్ని ఎక్కడానికి వెళ్లిన బృందం ఒక చచ్చిన పురుగును చూసి ఫొటో తీసింది. తరువాతి ఏళ్లలో మరికొన్ని అవశేషాలు దొరికాయి. అంటే అది అక్కడ ఉండవచ్చన్న సూచన ముప్పై ఏడేళ్ల పాటు అందుబాటులోనే ఉంది. రాత్రిపూట వెతికితే తప్ప బతికినవి కనిపించవు, అక్కడ రాత్రి ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. 2001 ఫిబ్రవరిలో డేవిడ్ ప్రిడెల్, నికొలస్ కార్లైల్ మరికొందరితో కలిసి వెళ్లి, పగలు రెట్టల ఆనవాళ్లు చూసి, చీకటి పడ్డాక దీపాలతో మళ్లీ ఎక్కారు. ఒక మెలలూకా పొద దగ్గర మూడు పురుగులు కనిపించాయి. మరుసటి ఏడు లెక్కిస్తే ఇరవై నాలుగు తేలాయి. దీన్ని అదృష్టం అనడం సగం నిజమే. పురుగు ఎప్పుడో అక్కడికి చేరడం, బండలోంచి ఊరే తేమకు పొద నిలవడం అదృష్టం. కానీ ఆ రాతిని ఎలుకల నుంచి కాపాడింది దాని నిరుపయోగమే. గింజలు లేవు కాబట్టి ఓడ ఆగలేదు, ఓడ ఆగలేదు కాబట్టి ఎలుక దిగలేదు. లార్డ్ హౌలో పురుగును ముంచిన లెక్కే ఇక్కడ తలకిందులై దాన్ని నిలబెట్టింది.

దొరికినంత మాత్రాన బతికినట్టు కాదు. ఒక కొండచరియ విరిగిపడితే ఆ పొదలు పోతాయి. రెండేళ్ల చర్చల తరువాత, 2003 ఫిబ్రవరిలో రెండు జంటలను మాత్రం కిందికి తెచ్చారు. ఒక జంట కొద్ది రోజుల్లోనే చనిపోయింది. మెల్‌బోర్న్ జూకు వెళ్లిన జంటలో ఆడది జబ్బుపడితే సంరక్షకుడు పాట్రిక్ హోనన్ కాల్షియం కలిపిన తీపి ద్రవాన్ని బొట్టుబొట్టుగా పట్టి బతికించాడు. దాని గుడ్లతో మొదలైన సంతతి తరువాత వేలల్లోకి పెరిగింది, బ్రిస్టల్, శాన్ డియాగో జూలకు కూడా గుడ్లు వెళ్లాయి. అప్పుడు ఇంకో ప్రశ్న తలెత్తింది. మ్యూజియంలోని పాత లార్డ్ హౌ నమూనాలకూ, పిరమిడ్ పురుగులకూ ఆకారంలో కొన్ని తేడాలున్నాయి. ఇది వేరే జాతి అయితే ఈ శ్రమంతా దేనికి? 2017లో అలెగ్జాండర్ మిఖెయెవ్ బృందం పాత నమూనాల జన్యుపదార్థాన్ని కొత్తవాటితో పోల్చి తేడా ఒక శాతం లోపేనని, రెండూ ఒకే జాతి అని చూపించింది. వందేళ్ల కింద ఎవరో శ్రద్ధగా గుండుసూది గుచ్చి దాచిన పురుగులే ఈ తీర్పుకు సాక్షులయ్యాయి. అమ్ముడుపోని దాన్ని కూడా భద్రపరిచే సంస్థ ఒకటి ఉండటం వల్ల ఎంత ఉపయోగమో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

జూలో వేలు పెరిగినా, లార్డ్ హౌలో ఎలుకలు ఉన్నంతకాలం అక్కడ వదలడం ఎలుకలకు విందు పెట్టడమే. కాబట్టి అసలు పరీక్ష దీవిలోనే జరిగింది. దీవి మొత్తం మీద ఒకేసారి విషపు మేత చల్లి ఎలుకలను, చుంచెలుకలను పూర్తిగా తుడిచిపెట్టాలన్న ప్రతిపాదన మీద కొన్ని వందల మంది జనాభా రెండుగా చీలిపోయింది. పిల్లలు తిరిగే చోట విషం ఏమిటి, పశువుల మాటేమిటి, పర్యాటకులు రావడం మానేస్తే ఎలా, ఒక పురుగు కోసం కోట్లు గుమ్మరించాలా అని అడిగినవాళ్లను మూర్ఖులుగా కొట్టిపారేయడం అన్యాయం. బయటినుంచి మేలు పేరుతో తెచ్చిన గుడ్లగూబలు చేసిన కీడు వాళ్ల దీవి చరిత్రలోనే ఉంది. 2015లో ఓటు పెడితే సగానికి కాస్త పైన, 52 శాతం మంది సరేనన్నారు. 2019 చలికాలంలో ఊళ్లో పెట్టెల్లో, చేతులతో, మనిషి వెళ్లలేని కొండల మీద హెలికాప్టర్లతో మేత వేశారు. ముందుగానే వుడ్‌హెన్ అనే ఎగరలేని పక్షులను పట్టి పంజరాల్లో దాచారు. 1970లలో రెండు మూడు పదులకు పడిపోయి, పందులను తొలగించి పంజరాల్లో పెంచడం వల్ల కోలుకున్న పక్షి అది. ఎలుకలు పోయాక దాని సంఖ్య వెయ్యి దాటింది. ఒక పురుగు కోసమే ఇంత ఖర్చా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పురుగు పేరుతో మొదలైన చర్చ ఫలితం పక్షులకు, నత్తలకు, మొక్కల విత్తనాలకు, చివరికి కెంటియా గింజకు కూడా అందింది.

అయితే మనుషులు మంచివాళ్లయ్యారు కాబట్టి ఇది జరిగిందని ముగిస్తే అది మరో అందమైన అబద్ధమవుతుంది. దీవి ఇప్పుడు ప్రధానంగా పర్యాటకం మీద బతుకుతోంది. 1982 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. ఒకేసారి నాలుగు వందల మందికి మించి సందర్శకులను రానివ్వరు. ఆ వచ్చేవాళ్లు వేరెక్కడా లేని పక్షుల కోసం, అడవి కోసమే వస్తారు. కాబట్టి అరుదైన జీవికి ఇప్పుడు పద్దులో చోటు దొరికింది. జమాఖర్చుల లెక్క ఎక్కడికీ పోలేదు, దాని అంకెలు మారాయి. ఈ మాట ఆ పని విలువను తగ్గించదు, కానీ దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెబుతుంది. ఈ కొత్త పద్దు పర్యాటకుల ఇష్టాయిష్టాల మీద నిలిచింది. రేపు అది మారినా పురుగు నిలవాలంటే, ధర కట్టకుండానే దాన్ని కాపాడే చట్టాలు, మ్యూజియాలు, తనిఖీలు నిలవాలి. 2021లో దీవిలో మళ్లీ రెండు ఎలుకలు దొరికినప్పుడు వాటిని వెంటనే పసిగట్టి, మరిన్ని నెలలు మేత పెట్టి వెతకడం వల్లే ముప్పు తప్పింది. 1918 నాటిలాగే నేడూ సరుకు ఓడ రాక తప్పదు. తేడా అంతా ఒడ్డున ఆ సరుకును వాసన చూసే శిక్షణ పొందిన కుక్కల్లో, వాటికి ఏటా జీతభత్యాలు మంజూరు చేసే నిర్ణయంలో ఉంది. లార్డ్ హౌ పురుగు భవిష్యత్తు ఏ కొత్త అద్భుతం మీదా ఆధారపడి లేదు. ఎవరూ కథలుగా చెప్పుకోని ఈ విసుగు పుట్టించే పని ఏ ఏడాదీ ఆగకపోవడం మీద ఆధారపడి ఉంది.